స్టీవెన్స్ వేషం కట్టబోయే పిల్లవాడి తల్లి రాస్తున్న ఉత్తరం

సియాటిల్ చుట్టుపక్కల వారాంతపు తెలుగు బడులు నడిపే టీచర్లకు, ఉగాది కార్యక్రమాల కమిటీ వాళ్లకు, సాటి తల్లిదండ్రులకు,

నమస్కారం.

ఈసారి ఉగాదికి పిల్లల చేత వాషింగ్టన్ రాష్ట్ర చరిత్ర మీద ఒక నాటిక వేయిస్తున్నారు. చాలా మంచి ఆలోచన. ఎప్పుడూ అల్లూరి, ఝాన్సీ లక్ష్మీబాయి ఏకపాత్రలే కాకుండా, మన పిల్లలు పుట్టి పెరుగుతున్న నేల గురించి కూడా ఏదైనా చేయిస్తే బాగుండునని నేనూ అనుకునేదాన్ని. మా అబ్బాయికి, వాషింగ్టన్ ఇంకా రాష్ట్రం కాకముందు, టెరిటరీగా ఉన్నప్పటి మొదటి గవర్నర్ ఐజాక్ స్టీవెన్స్ వేషం ఇచ్చారు. వాడికి పదకొండేళ్లు. టోపీ ఉంది, కత్తి ఉంది, చివర్లో జెండా పట్టుకుని తూటా తగిలి పడిపోయే సీనుంది. సోఫా మీంచి రోజుకి పదిసార్లు పడి ప్రాణాలు వదులుతున్నాడు.

స్క్రిప్టు వాట్సాప్‌లో వచ్చింది. ఎవరు రాశారో నాకు తెలుసు, కష్టపడి రాశారనీ తెలుసు. అందుకే పేరు ఎత్తడం లేదు. ముందు చిన్న తప్పు చెప్పేస్తాను. మనం చలికాలంలో పిల్లల్ని స్కీయింగ్‌కి తీసుకెళ్లే స్టీవెన్స్ పాస్ ఈయన పేరు మీద లేదు. అది గ్రేట్ నార్తర్న్ రైల్వే ఇంజనీరు జాన్ ఫ్రాంక్ స్టీవెన్స్ పేరు. గవర్నరు పేరున్నది లేక్ స్టీవెన్స్ ఊరికి, తూర్పున ఉన్న స్టీవెన్స్ కౌంటీకి. ఇది ఒక్క వాక్యం మారిస్తే పోయేది.

అలా ఒక్క వాక్యంతో పోనిది, ఇక్కడి గిరిజన తెగలతో నేల కోసం చేసుకున్న ఒప్పందాల సీను. తలకి ఈకల కిరీటాలు పెట్టుకున్న పెద్దలు వరసగా వచ్చి, నవ్వుతూ కాగితం మీద గుర్తు పెట్టి వెళ్తారు. వెనకాల మంగళవాయిద్యం. మొత్తం రెండు నిమిషాలు. ఆ తర్వాత తిన్నగా అంతర్యుద్ధం, జెండా, వీరమరణం.

నేను చరిత్ర చదువుకున్నదాన్ని కాదు. ఈ స్టీవెన్స్ సంగతి నాకు పట్టించింది మా నాన్న.

నాన్న తెనాలి దగ్గర ముప్ఫై ఏళ్లకు పైగా దస్తావేజులు రాశారు. ఆమధ్య ఇక్కడికొచ్చినప్పుడు, బోతెల్‌లో మేం కొన్న ఇంటి కాగితాలు చూపించమన్నారు. చూపించాను. కళ్లజోడు పైకి తోసి అటూ ఇటూ తిప్పి, "లింకు డాక్యుమెంట్లు ఏవమ్మా?" అన్నారు. ఇక్కడ టైటిల్ కంపెనీ చూసుకుంటుంది, ఇన్సూరెన్స్ ఇస్తుంది అని చెప్పాను. "కంపెనీ సంగతి సరే, మొదటి పట్టా ఎవరి పేరు మీద ఉంది?" అన్నారు. ఆయనకి అది తేలకపోతే భోజనం సయించదు. ఫెడరల్ ప్రభుత్వం పాత పట్టాలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టింది కాబట్టి ఇద్దరం కూర్చుని వెనక్కి వెళ్లాం. మా వీధి ఉన్న నేలకి మొదటి పట్టా అమెరికా ప్రభుత్వం ఒక సెటిలర్‌కి ఇచ్చింది. "మరి ప్రభుత్వానికి ఎలా వచ్చింది?" అన్నారు నాన్న. అక్కడ దొరికింది ఐజాక్ స్టీవెన్స్ సంతకం. 1855 జనవరి 22, ముకిల్టియో, పాయింట్ ఎలియట్ ఒప్పందం.

మనం ఫెర్రీ కోసం కార్లో కూర్చుని ఎదురుచూస్తామే, ఆ ముకిల్టియోనే. బోతెల్, రెడ్మండ్, సమామిష్, బెల్‌వ్యూ, మనవాళ్లు కొన్న ఇళ్లలో చాలావాటికి లింకు డాక్యుమెంటు అదే. గిరిజన పెద్దల్లో మొదటి గుర్తు మన సిటీకి పేరిచ్చిన సియాటిల్ పెద్దది. బదులుగా ఇస్తామన్నది 1,50,000 డాలర్లు, అదీ ఇరవై ఏళ్ల వాయిదాల్లో.

నాన్నని ఇంకా ఆశ్చర్యపరిచింది 1850 నాటి డొనేషన్ చట్టం. పెళ్లయిన జంట వచ్చి నేల సాగు చేసుకుంటే 640 ఎకరాల దాకా ఉచితంగా ఇచ్చే చట్టం. ఇక్కడి ప్యూజెట్ సౌండ్ తీరం దగ్గర ఏ తెగతోనూ అప్పటికి ఒక్క ఒప్పందం లేదు. "అంటే కొనకముందే ప్లాట్లు వేసి పంచేశారన్నమాట" అన్నారు నాన్న. ఇలాంటి వ్యవహారాలు ఆయన సర్వీసులో చాలా చూశారు.

ఆ పంచేసిన నేలకి కాగితం పుట్టించడానికి వచ్చినవాడే స్టీవెన్స్. 1818లో మసాచుసెట్స్‌లోని నార్త్ ఆండోవర్‌లో పుట్టాడు. 1839లో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో క్లాసు ఫస్టు. ఇంజనీరు. మెక్సికో యుద్ధంలో, 1847 సెప్టెంబరులో మెక్సికో సిటీ పట్టుబడినప్పుడు పాదానికి పెద్ద దెబ్బ తగిలింది. ఎన్నికల్లో ఫ్రాంక్లిన్ పియర్స్ తరఫున పనిచేశాడు. పియర్స్ ప్రెసిడెంటయ్యాక, 1853లో కొత్తగా ఏర్పడ్డ వాషింగ్టన్ టెరిటరీకి గవర్నరుగా వేశాడు. అదొక్కటే కాదు, ఇండియన్ (అంటే ఇక్కడి గిరిజనుల) వ్యవహారాల సూపరింటెండెంటూ ఆయనే, మిసిసిపీ నుంచి పసిఫిక్ దాకా ఉత్తరపు రైలు మార్గం సర్వేకి నాయకుడూ ఆయనే. భూమి సేకరించే అధికారి, గిరిజనులకి పెద్దదిక్కు, ఆ నేల మీద రైలు వేయిద్దామని తిరిగే మనిషి, ముగ్గురూ ఒకరే. మన దగ్గర ఏ కలెక్టరుకీ ఇన్ని కుర్చీలు ఒకేసారి ఇవ్వరు.

సమర్థుడు కాదని నేను అనను. దారి పొడవునా సర్వే చేసుకుంటూ 1853 నవంబరు చివర్లో ఒలింపియా చేరాడు. మాసిన బట్టలతో, వానలో తడిసి హోటల్‌కి వెళితే, ఇవాళ కొత్త గవర్నరుగారికి విందు, చోటు లేదు పొమ్మన్నారని, వంటింట్లో కూర్చోబెట్టి మిగిలిందేదో పెట్టారని కథగా చెప్పుకుంటారు. ఈ సీను నాటికలో లేదు. పెట్టండి, పిల్లలు పగలబడి నవ్వుతారు.

ఇక ఒప్పందాలు. మొదటిది 1854 డిసెంబరు 26న మెడిసిన్ క్రీక్ దగ్గర, నిస్క్వాలీ, పుయాలప్ తదితర తెగలతో. ఐ-5 మీద ఒలింపియా వైపు వెళ్తుంటే నిస్క్వాలీ డెల్టా వస్తుంది కదా, అక్కడే. అప్పటి డగ్లస్ ఫర్ చెట్టు ఒకటి ఎండిపోయి మోడుగా చాలాకాలం నిలబడి, 2006 గాలివానకి విరిగిపోయింది. దాదాపు 22 లక్షల ఎకరాలు వదులుకుంటే ఇచ్చేది 32,500 డాలర్లు, మూడు చిన్న రిజర్వేషన్లు, అంటే తెగలు ఉండటానికి విడిచిపెట్టిన నేల ముక్కలు. నిస్క్వాలీ వాళ్లకి చూపించినది 1,280 ఎకరాల అడవి మెట్ట. వాళ్లేమో నది మీద చేపలతో, పచ్చిక మీద గుర్రాలతో బతికేవాళ్లు.

మరి ఆ కాగితంలో ఏముందో వాళ్లకి ఎలా చెప్పారు? ఇంగ్లిష్ నుంచి చినూక్ జార్గన్‌లోకి మార్చి చెప్పారు. చినూక్ జార్గన్ ఎవరి ఇంటి భాషా కాదు. బొచ్చు తోళ్ల వ్యాపారంలో నలుగురూ కలిసి వాడుకున్న బేరం భాష. కొన్ని వందల మాటలు, అంతే. టిలికమ్ అంటే జనం, చక్ అంటే నీళ్లు, ఇల్లాహీ అంటే నేల. మన అల్కై బీచ్ పేరు కూడా అందులోదే, ముందు ముందు, మెల్లగా అని అర్థం. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లి ఆటోవాడితో బేరమాడేంత హిందీ మనలో చాలామందికి వచ్చు. ఆ హిందీలో ఒక రిజిస్ట్రేషన్ దస్తావేజు, హద్దులు, షరతులు, వాయిదాలతో సహా, ఎదుటివాడికి అర్థమయ్యేలా చెప్పి చూడండి. నిస్క్వాలీ భాష తెలిసినవాళ్లు అక్కడ లేకపోలేదు. ఓవెన్ బుష్ అనే సెటిలర్ తనకి వాళ్ల భాష వచ్చనీ, కానీ స్టీవెన్స్‌కి వాళ్ల భాషలో చెప్పించాలని ఉన్నట్టు కనిపించలేదనీ తర్వాత చెప్పాడు.

నాటికలో ఈ సీనుకి రెండు నిమిషాలు చాలవని నేను అంటున్నది ఇందుకే. ఒక పిల్లవాడు పెద్ద ఇంగ్లిష్ వాక్యం చదవాలి, రెండోవాడు దాన్ని నాలుగు మాటల్లో చెప్పాలి, మూడోవాడు తన భాషలో పక్కవాణ్ణి "ఏమంటున్నాడు?" అని అడగాలి. మన పిల్లలకి ఇది నేర్పక్కర్లేదు. అమ్మమ్మతో వీడియో కాల్‌లో వాళ్లు రోజూ చేసే పనే.

ఈకల కిరీటాలు కూడా తీసేయండి. అవి తూర్పున మైదానాల్లో తెగలవి. ఇక్కడి సముద్రతీరం వాళ్లవి దేవదారు నారతో అల్లిన టోపీలు, నేసిన దుప్పట్లు.

మెడిసిన్ క్రీక్ నుంచి ఏడాది తిరిగేలోపు స్టీవెన్స్ ఊరూరా తిరిగి ఒకదాని వెనక ఒకటి ఒప్పందాలు చేయించాడు. పాయింట్ ఎలియట్, పాయింట్ నో పాయింట్, నియా బే, వాలా వాలా, ఇప్పటి మాంటానాలో హెల్‌గేట్. వాటన్నిటిలో కలిపి తెగలు వదులుకున్నది దాదాపు 6 కోట్ల 40 లక్షల ఎకరాలు. 1855 జూన్‌లో వాలా వాలా దగ్గర వేలమంది కూడారు. యాకమా, కయూస్, నెజ్ పర్స్ పెద్దలు రోజుల తరబడి అభ్యంతరాలు చెప్పారు. సెనేట్ ఆమోదించేదాకా ఆ నేల వాళ్లదే కావాలి. ఆమోదం వచ్చింది 1859లో. కానీ ఒప్పందం జరిగిన కొన్ని వారాల్లోనే పేపర్లలో ప్రకటన పడింది, తూర్పు నేలలు సెటిలర్లకి తెరిచేశామని. అడ్వాన్స్ ఇచ్చి, రిజిస్ట్రేషన్ కాకముందే ఇంట్లో సామాను దింపుకున్నట్టు. 1855 చివరికల్లా తెగలకీ సెటిలర్లకీ యుద్ధం మొదలైంది.

నాటికలో యుద్ధం లేదు. పిల్లలకి హింస ఎందుకని వదిలేశారేమో. నేను యుద్ధం చూపించమని అడగడం లేదు. కానీ స్టీవెన్స్ ఎలాంటివాడో తెలిసేది ఇక్కడే. యుద్ధం నడుస్తుండగా, 1856 ఏప్రిల్‌లో పియర్స్ కౌంటీలో మార్షల్ లా, అంటే సైనిక పాలన పెట్టాడు. దేనికంటే, గిరిజన స్త్రీలని పెళ్లి చేసుకుని వ్యవసాయం చేసుకుంటున్న కొందరు, బొచ్చు తోళ్ల వ్యాపారం చేసే బ్రిటిష్ హడ్సన్స్ బే కంపెనీ పాత మనుషులు, శత్రువులకి సాయం చేస్తున్నారని అనుమానం. ఆధారం లేదు. కోర్టు వాళ్లని వదిలేయకుండా ఉండాలంటే కోర్టునే ఆపాలి. చీఫ్ జస్టిస్ ఎడ్వర్డ్ లాండర్ మే నెలలో స్టిలకమ్‌లో కోర్టు తెరిచాడు. గవర్నరు కింద పనిచేసే వాలంటీర్ సైనికులు కోర్టులోకి వచ్చి జడ్జినే అరెస్టు చేసి తీసుకుపోయారు. విడిచిపెట్టాక ఆయన ఒలింపియాలో మళ్లీ తెరిచాడు. అక్కడా మార్షల్ లా పెట్టి మళ్లీ పట్టుకెళ్లారు. తర్వాత లాండర్ కోర్టు ధిక్కారానికి స్టీవెన్స్‌కి 50 డాలర్ల జరిమానా వేస్తే, ప్రెసిడెంటు సంగతి తేల్చేదాకా శిక్ష ఆగాలని గవర్నరు హోదాలో తన శిక్షని తానే ఆపుకున్నాడు! ఇది నేను కల్పించింది కాదు. కల్పిస్తే మీరే అతి అంటారు. ప్రెసిడెంటు మందలించాడు, టెరిటరీ శాసనసభ అభిశంసించింది. జనం మాత్రం 1857లో ఆయన్ని వాషింగ్టన్ డీసీకి తమ ప్రతినిధిగా గెలిపించి పంపారు, 1859లో మళ్లీ గెలిపించారు. సెటిలర్లకి కావాల్సిన మనిషి ఆయనే మరి.

లెషై పేరు స్క్రిప్టులో ఎక్కడా లేదు. సియాటిల్‌లో లేక్ వాషింగ్టన్ ఒడ్డున లెషై పార్కు ఉంది, మనం అక్కడ పొట్లక్‌లు పెట్టుకుంటాం. ఆ లెషై నిస్క్వాలీ నాయకుడు. మెడిసిన్ క్రీక్ కాగితం మీద ఆయన పేరు పక్కన గుర్తు ఉంది, కానీ అది ఆయన పెట్టింది కాదని నిస్క్వాలీ వాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆ మెట్ట నేల తీసుకోనని తిరగబడ్డాడు. 1856 ఆగస్టులో ఫాక్స్ ఐలండ్ దగ్గర జరిగిన సమావేశంలో స్టీవెన్స్ ఒప్పుకుని, నిస్క్వాలీలకి నది ఒడ్డున 4,717 ఎకరాలు ఇచ్చాడు. అంటే లెషై అడిగినది న్యాయమేనని గవర్నరే ఒప్పుకున్నట్టు. అయినా లెషైని మాత్రం వదల్లేదు. నవంబరులో బహుమతికి ఆశపడి సొంత మేనల్లుడే పట్టిచ్చాడు.

అదే నెలలో లెషై అన్న క్వీమత్ తనంతట తానే లొంగిపోయాడు. రాత్రివేళ ఒలింపియా తెచ్చారు. తెల్లవారాక సైన్యం కోటకి పంపుదామని స్టీవెన్స్ తన ఆఫీసు గదిలోనే ఉంచాడు. తెల్లవారకముందే ఎవరో గదిలో చొరబడి తుపాకీతో కాల్చి, కత్తితో పొడిచి చంపేశారు. గవర్నరు ఆఫీసులో, గవర్నరు కాపలాలో! ఎవరికీ శిక్ష పడలేదు.

లెషై మీద పెట్టిన కేసు, బెంటన్ మోసెస్ అనే వాలంటీరుని చంపాడని. మొదటి విచారణలో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. దోషి కాదన్న ఇద్దరిలో ఒకరు ఎజ్రా మీకర్ అనే సెటిలర్. రెండో విచారణలో ఉరిశిక్ష వేశారు. తమాషా ఏమిటంటే, అడ్డం పడింది అమెరికన్ సైన్యమే. యుద్ధంలో పోరాడినవాడిని హంతకుడు అనకూడదు, మా కోట నేల మీద ఉరి వేయనివ్వం అన్నారు స్టిలకమ్ కోట అధికారులు. అందులో కౌట్జ్ అనే లెఫ్టినెంట్ లెషై తరఫున ఒక చిన్న పత్రిక కూడా వేశాడు. అయినా 1858 ఫిబ్రవరి 19న కోట బయట ఉరి తీశారు. తను ఉరి తీసింది నిర్దోషినని ఉరి తీసినవాడే తర్వాత అన్నాడు. 2004 డిసెంబరులో రాష్ట్ర చీఫ్ జస్టిస్ అధ్యక్షతన ప్రత్యేక న్యాయస్థానం ఒకటి కూర్చుని, అది యుద్ధంలో జరిగింది, హత్య కిందకి రాదు అని తేల్చింది. 146 ఏళ్లు పట్టింది.

చివరి సీను విషయంలో మీతో నాకు పేచీ లేదు. అది నిజంగా అలాగే జరిగింది. బానిసత్వాన్ని సమర్థించే బ్రెకిన్రిడ్జ్‌కి 1860 ఎన్నికల్లో ప్రచార సారథ్యం చేసిన మనిషి, దక్షిణాది రాష్ట్రాలు విడిపోగానే ఉత్తరాది వాళ్ల యూనియన్ సైన్యంలో చేరాడు. న్యూయార్క్ 79వ దళానికి, స్కాట్లండ్ నుంచి వచ్చినవాళ్ల హైలాండర్స్‌కి కర్నల్ అయ్యాడు. 1862 సెప్టెంబరు 1న వర్జీనియాలోని షాంటిలీ దగ్గర, ఉరుములతో కూడిన వానలో, జెండా పట్టినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పడిపోతుంటే తానే జెండా అందుకుని ముందుకు నడిచాడు. తలలో తూటా దిగింది. వయసు 44. కొద్దిసేపటి ముందే అదే పొలంలో ఆయన కొడుకు హజార్డ్ గాయపడ్డాడు. ఆ హజార్డే 1870లో మౌంట్ రైనియర్ శిఖరం ఎక్కాడు.

వర్జీనియాలో మా పిన్ని కొడుకు వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆ చోటు చూశాను. అక్కడ మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఆక్స్ హిల్ అని చిన్న పార్కు. చుట్టూ అపార్టుమెంట్లు, షాపింగ్. పక్కపక్కన రెండు రాళ్లు. ఒకటి అదేరోజు చనిపోయిన జనరల్ కెర్నీది, ఒకటి స్టీవెన్స్‌ది. మేం వెళ్లేసరికి ఎవరో తెలుగాయన ఫోన్‌లో ఇంటి లోన్ వడ్డీ గురించి గట్టిగా మాట్లాడుతూ వాకింగ్ చేస్తున్నారు.

నాటికకి అసలు కావాల్సిన ముక్క మాత్రం షాంటిలీలో లేదు. ఆ ఒప్పందాల్లో ఉంది, ఒకే ఒక వాక్యం. ఎప్పుడూ అలవాటుగా పట్టే చోట్లన్నిటిలో చేపలు పట్టుకునే హక్కు, టెరిటరీ పౌరులందరితో పాటు ఉమ్మడిగా, తెగలకి ఉంటుంది అని. స్టీవెన్స్ ఉదారంగా ఇచ్చాడనుకోవద్దు. అది లేకపోతే వాళ్లు గుర్తు పెట్టేవాళ్లు కాదు. మా నాన్న భాషలో చెప్పాలంటే, మన ఇళ్ల ఈసీలో ఎప్పటికీ కొట్టివేయడానికి వీల్లేని ఎంట్రీ అది.

కొట్టేయాలని మాత్రం చాలా చూశారు. 1917లో క్యాంప్ లూయిస్ అనే సైనిక శిబిరం కోసం నిస్క్వాలీల ఆ 4,717 ఎకరాల్లో మూడింట రెండు వంతులకు పైగా లాగేసుకున్నారు. అలా ఇల్లు పోయిన కుటుంబంలో పుట్టినవాడు బిల్లీ ఫ్రాంక్ జూనియర్. 1945లో పద్నాలుగేళ్ల వయసులో సొంత నదిలో వల వేసినందుకు మొదటిసారి అరెస్టయ్యాడు. తర్వాత యాభైసార్లకు పైగా. చివరికి 1974 ఫిబ్రవరి 12న ఫెడరల్ జడ్జి జార్జ్ బోల్ట్ ఆ వాక్యాన్ని పట్టుకున్నాడు. "ఉమ్మడిగా" అంటే సగం సగం అన్నాడు. పట్టదగ్గ చేపల్లో సగం తెగలకి. బేరం భాషలో చెప్పించిన కాగితాన్ని, విన్నవాళ్లకి ఎలా అర్థమైందో అలాగే చదవాలన్నది అమెరికా కోర్టుల పాత సూత్రం. 1979లో సుప్రీంకోర్టు కూడా దాదాపు మొత్తం తీర్పుని నిలబెట్టింది. స్టీవెన్స్ తొందరలో వాడిన భాషే 120 ఏళ్ల తర్వాత ఆయన వారసులకి ఎదురు తిరిగింది.

కమిటీ వాళ్లని నేను అడిగేది ఇంతే. ఒప్పందం సీను పెంచండి, జార్గన్‌తో సహా. జడ్జి అరెస్టు పెట్టండి, అదే పెద్ద కామెడీ. లెషైకి ఒక వేషం ఇవ్వండి. బిల్లీ ఫ్రాంక్‌గా ఒక చిన్నపిల్లాడు వల పట్టుకుని ఒక్కసారి స్టేజీ దాటినా చాలు. టైమ్ సరిపోదంటే అతిథుల సన్మానాలు తగ్గించండి, శాలువాలకి పట్టే ముప్పావుగంటలో రెండు నాటికలు వేయొచ్చు. ఏప్రిల్‌లో పిల్లల్ని పిక్నిక్‌కి ఎటూ తీసుకెళ్తారు కదా, ఈసారి నిస్క్వాలీ తీసుకెళ్దాం. ఆ అభయారణ్యానికి ఇప్పుడు బిల్లీ ఫ్రాంక్ పేరే ఉంది. డెల్టా మీద చెక్క నడకదారి చాలా దూరం వెళ్తుంది, స్ట్రోలర్లు కూడా పోతాయి. పులిహోర నేను తెస్తాను.

శనివారం రిహార్సల్‌కి వస్తాం. ఇదంతా మావాడికి చెప్పాను. కాసేపు ఆలోచించి, లెషై వేషానికి ఎవరూ లేకపోతే తను వేస్తానన్నాడు. స్టీవెన్స్ వేషానికి ఇంకెవరినైనా చూసుకోండి. జెండా మాత్రం మా గ్యారేజీలోనే ఉంది, తీసుకొస్తాను.

మీ
బోతెల్ నుంచి ఒక తల్లి